గేములు తయారుచేస్తానంటున్న విద్యార్థికి ఏ బ్రాంచి చెప్పాలి? ఉత్తర తెలంగాణ జూనియర్ కళాశాలల ప్రిన్సిపాళ్లకు, అధ్యాపకులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ప్రిన్సిపాళ్లకు, అధ్యాపకులకు నమస్కారం.

ఎప్‌సెట్ ర్యాంకులు వెలువడి, వెబ్ ఆప్షన్ల గడువు దగ్గరపడే రోజుల్లో హనుమకొండ, కరీంనగర్, జగిత్యాల, మంచిర్యాల కళాశాలల్లో మీ గదుల ముందు తల్లిదండ్రులు బారులు తీరతారు. ఈ మధ్య వారిలో కొందరు ఒక కొత్త ప్రశ్నతో వస్తున్నారు: "సారూ, మావోడు వీడియో గేములు తయారుచేసే కంపెనీల పనిచేస్తనంటుండు. ఏ బ్రాంచి పెట్టమంటరు?" దీనికి సాధారణంగా రెండు జవాబులు వినిపిస్తాయి. ముందు సీఎస్‌ఈ పెట్టించండి, మిగతాది తర్వాత చూసుకోవచ్చు అన్నది మొదటిది. ఫలానా యూనివర్సిటీలో గేమింగ్ పేరుతోనే కోర్సు ఉంది, అక్కడ చేర్పించండి అన్నది రెండోది. ఈ రెండింటిలో ఏదో ఒకటి ఏదో ఒక విద్యార్థికి సరిపోవచ్చు. కానీ గేముల్లో ఏ పని చేయాలనుకుంటున్నావని ఆ విద్యార్థిని అడగకుండానే ఇస్తున్న జవాబులివి. బ్రాంచి సంగతి ఎత్తే ముందు ఆ ఒక్క ప్రశ్న అడగమని, దానికి జవాబు వెతుక్కోవడానికి విద్యార్థికి కొంత వ్యవధి, కొంత వసతి కల్పించమని కోరడానికే ఈ లేఖ రాస్తున్నాను.

నేను హనుమకొండలో ఇంటర్మీడియట్, వరంగల్‌లోనే ఇంజినీరింగ్ పూర్తిచేసి, హైదరాబాద్‌లోని ఒక గేమ్ స్టూడియోలో ప్రోగ్రామర్‌గా పనిచేస్తున్నాను. చదువు ముగించుకుని కొత్తగా వచ్చేవారిని ఇంటర్వ్యూ చేయడం కూడా నా ఉద్యోగంలో భాగమే. ఏ చదువు మా దగ్గర అక్కరకొస్తుందో, ఏది రాదో దగ్గరుండి చూస్తున్నవాడిగా ఈ నాలుగు మాటలు చెబుతున్నాను.

సినిమాల్లోకి వెళ్తానన్న పిల్లవాడిని మనం వెంటనే, నటిస్తావా, కెమెరా పడతావా, పాటలు రాస్తావా అని అడుగుతాం. గేముల విషయంలో అలాంటి ప్రశ్న మనకు తోచదు, ఎందుకంటే అక్కడ ఎవరు ఏ పని చేస్తారో మనకు కనపడదు. ఒక స్టూడియోలో ప్రోగ్రామర్లే నాలుగైదు రకాలుగా ఉంటారు. ఆటలోని పాత్ర ఎలా పరుగెత్తాలో, ఎలా దూకాలో రాసేవారు ఒకరు, తెరమీద బొమ్మ ఎలా గీయించాలో గ్రాఫిక్స్ చిప్‌కు చెప్పేవారు మరొకరు, ఎక్కడెక్కడో కూర్చున్న ఆటగాళ్లను ఒకే ఆటలో కలిపే సర్వర్లు చూసేవారు ఇంకొకరు, తోటి ఉద్యోగుల పని సులువు చేసే టూల్స్ రాసేవారు వేరొకరు. ఆర్టిస్టుల్లోనూ అంతే. పాత్ర రూపాన్ని, పరిసరాలను ముందుగా కాగితం మీదో టాబ్లెట్ మీదో గీసే కాన్సెప్ట్ ఆర్టిస్టు, దాన్ని త్రీడీలో మలిచే మోడలర్, ఆ మోడల్ లోపల ఎముకల అమరిక కట్టే రిగ్గర్, దానికి కదలిక ఇచ్చే యానిమేటర్ వేర్వేరు మనుషులు. ఆర్టిస్టులకు, ప్రోగ్రామర్లకు మధ్య వారధిగా టెక్నికల్ ఆర్టిస్టులుంటారు. ఆట నియమాలను, దశలను, కష్టం ఎంత ఉండాలో నిర్ణయించే డిజైనర్లు, శబ్దం చూసేవారు, తప్పులు పట్టే టెస్టర్లు, పనిని గడువులోపు నడిపించే ప్రొడ్యూసర్లు మరో వరుస. వీరందరూ ఒకే డిగ్రీ చదివి వచ్చినవారు కాదు, చదవాల్సిన అవసరమూ లేదు. జపాన్ గేముల సంస్థ నింటెండో చరిత్రలో అందరికంటే ముందు గుర్తుకొచ్చే ఇద్దరిలో షిగెరు మియమోతో ఆర్ట్ కళాశాలలో ఇండస్ట్రియల్ డిజైన్ చదివి 1977లో ఆ సంస్థలో చేరారు. 2002లో దానికి అధ్యక్షుడైన సతోరు ఇవాతా టోక్యోలో కంప్యూటర్ సైన్స్ చదివిన ప్రోగ్రామర్.

ముందుగా ప్రోగ్రామింగ్ వైపు వెళ్లాలనుకునే ఎంపీసీ విద్యార్థి గురించి చెబుతాను, ఎందుకంటే మీ దగ్గరకు వచ్చేవారిలో ఎక్కువమంది వీరే, వీరి విషయంలో మీరు ఇప్పటికే చేయగలిగినది కూడా ఎక్కువే. ఈ విద్యార్థికి అవసరమయ్యే గణితంలో చాలా భాగం ఇంటర్ పాఠ్యపుస్తకాల్లోనే ఉంది. మొదటి సంవత్సరం 1ఏ లోని మాత్రికలు, సదిశలు, త్రికోణమితి, రెండో సంవత్సరం 2ఏ లోని సంకీర్ణ సంఖ్యలు, సంభావ్యత మేము రోజూ వాడుకునేవే. ఒక ఉదాహరణ చెబుతాను. ఆటలో కోట గుమ్మం దగ్గర ఒక కాపలావాడు నిలబడి ఉన్నాడు. ఆటగాడు అతని వెనుక నుంచి మెల్లగా వస్తే పట్టుబడకూడదు, ఎదురుగా వస్తే పట్టుబడాలి. కాపలావాడు చూస్తున్న దిశను ఒక సదిశగా, అతని నుంచి ఆటగాడి వైపు గీసిన రేఖను మరో సదిశగా తీసుకుని రెండింటి డాట్ ప్రొడక్ట్ (అదిశా లబ్ధం) కడితే సరిపోతుంది. విలువ రుణాత్మకమైతే ఆటగాడు వెనుక ఉన్నట్టు, ధనాత్మకమైతే ముందున్నట్టు. రెండూ యూనిట్ సదిశలైతే వచ్చిన విలువ వాటి మధ్య కోణం కొసైన్‌కు సమానం కాబట్టి, కాపలావాడి చూపు ఎంత వెడల్పు వరకు ఆనుతుందో కూడా దానితోనే తేల్చవచ్చు. పరీక్షలో నాలుగు మార్కుల ప్రశ్నగా వచ్చిపోయే ఆ లబ్ధానికి ఇలాంటి ఉపయోగం ఉందని తరగతిలో ఒక్కసారి చెబితే, వెనుక బెంచీలో కూర్చుని గేముల గురించి కలలు కనే కుర్రవాడు ఆ అధ్యాయాన్ని ఛాయిస్‌లో వదిలేయడు.

సంకీర్ణ సంఖ్యల సంగతి కూడా అంతే. ఒక సంకీర్ణ సంఖ్యను ఐ తో గుణిస్తే తలంలో ఆ బిందువు 90 డిగ్రీలు తిరుగుతుందన్నది రెండో సంవత్సరం విద్యార్థికి అందని విషయమేమీ కాదు. అదే ఆలోచనను మూడు కొలతలకు విస్తరించే ప్రయత్నంలో ఐరిష్ గణిత శాస్త్రవేత్త విలియం రోవన్ హామిల్టన్ 1843లో క్వాటర్నియన్లు అనే నాలుగు భాగాల సంఖ్యలను కనుగొన్నారు. ఈ రోజు దాదాపు ప్రతి త్రీడీ గేమ్ ఇంజిన్, అంటే గేములు కట్టడానికి వాడే సాఫ్ట్‌వేర్, పాత్రల భ్రమణాన్ని వాటితోనే లెక్కకడుతుంది. డీమోయర్ సిద్ధాంతాన్ని సూత్రంగా మాత్రమే బట్టీపట్టి ర్యాంకు తెచ్చుకున్న విద్యార్థి ఇంజినీరింగ్ మూడో ఏడులో ఇది ఎదురైనప్పుడు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వస్తుంది. ఒక నిమిషంలో జవాబు గుర్తించే షార్ట్‌కట్లు ఎప్‌సెట్‌కు అవసరమే, కాదనను. ఆ పరీక్ష నడిచే పద్ధతి అలాంటిది. అయితే గేములంటే ఇష్టపడే విద్యార్థికి షార్ట్‌కట్‌తోపాటు ఆ సూత్రం ఎందుకు పనిచేస్తుందో కూడా తెలియాలి.

ఇక బ్రాంచి. ప్రోగ్రామర్ కావాలనుకునేవారికి మామూలు సీఎస్‌ఈయే అన్నిటికంటే మేలని నా అభిప్రాయం. దానికి కారణం పేరు కాదు, అందులో ఉండే డేటా స్ట్రక్చర్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్, కంప్యూటర్ ఆర్కిటెక్చర్, నెట్‌వర్క్స్, కంప్యూటర్ గ్రాఫిక్స్. సెకనుకు 60 ఫ్రేములు చూపించాలంటే ఒక్కో ఫ్రేముకు సుమారు 16.7 మిల్లీసెకన్ల వ్యవధే దొరుకుతుంది. ఆ కాస్త సమయంలోనే ఆటగాడి ఆదేశం చదవాలి, పాత్రలన్నింటినీ కదిలించాలి, ఏది దేనికి తగిలిందో చూడాలి, శబ్దం పంపాలి, బొమ్మ గీయించాలి. మెమరీలో సమాచారం ఎలా పేరిస్తే ప్రాసెసర్‌కు త్వరగా అందుతుందో తెలియనివారు ఈ లెక్కలో నెగ్గలేరు. ఆర్కిటెక్చర్ సబ్జెక్టు పాసైతే చాలనుకునే విద్యార్థులకు ఈ మాట ముందే చెప్పడం అవసరం. సీఎస్‌ఈకి తోకలు తగిలించిన ఏఐ, డేటా సైన్స్, సైబర్ సెక్యూరిటీ బ్రాంచీల్లో సీటు వచ్చినా కంగారు పడనక్కరలేదు. కళాశాల వెబ్‌సైట్‌లో సిలబస్ తీసి పైన చెప్పిన సబ్జెక్టులు ఉన్నాయో లేదో చూసుకుంటే తెలిసిపోతుంది. ఈసీఈ చదివి మంచి గేమ్ ప్రోగ్రామర్లయినవారిని నేను చూశాను. మెకానికల్ చదివినవారికి వస్తువుల చలనం, ఢీకొనడం వంటివి ముందే తెలిసి ఉంటాయి కాబట్టి ఫిజిక్స్ వైపు పనికొస్తాయి, అయితే ప్రోగ్రామింగ్ మాత్రం వారు సొంతంగా నేర్చుకోక తప్పదు.

ఎన్ఐటీ వరంగల్‌లో సగం సీట్లు సొంత రాష్ట్రం వారికే ఉన్నా, అక్కడ సీఎస్‌ఈ దొరికేది జేఈఈ మెయిన్‌లో ముందు వరుసలో నిలిచిన కొద్దిమందికే. ఎప్‌సెట్‌లో ర్యాంకు వెనుకబడిన విద్యార్థికి దారి మూసుకుపోలేదని కూడా చెప్పండి. దోస్త్ ద్వారా డిగ్రీ కళాశాలలో గణితం, కంప్యూటర్ సైన్స్ కలిపి బీఎస్సీ చదివి, ఐసెట్ రాసి ఎంసీఏ చేసినవారు గేమ్ స్టూడియోల్లో ఉన్నారు. లక్షలు పోసి మేనేజ్‌మెంట్ సీటు కొనడం కంటే ఈ దారి ఎన్నో కుటుంబాలకు మేలు. మా ఊళ్లలో బీఎస్సీ అనగానే ముఖం చిట్లించే అలవాటు ఒకటుంది. అది మానుకుంటే మంచిది.

గేమింగ్ పేరుతోనే నడిచే డిగ్రీల గురించి నా మాట కొంచెం కటువుగా అనిపించవచ్చు. ఈ రకం చదువు తప్పని నేననడం లేదు. 1988లో కెనడాలో మొదలై తర్వాత అమెరికాకు మారిన డిజిపెన్ వంటి విద్యాసంస్థ దీని కోసమే పుట్టింది, అక్కడి గణిత, కంప్యూటర్ సైన్స్ శిక్షణ గట్టిది. మన దగ్గర బ్రోచర్ మీద ఆ పేరు కనిపించినప్పుడు మాత్రం కొన్ని విషయాలు తేల్చుకున్నాకే ఫీజు కట్టమని తల్లిదండ్రులకు చెప్పండి. పాఠం చెప్పేవారిలో ఒక్కరైనా విడుదలైన గేముకు పనిచేశారా? విద్యార్థులు ఏటా ఒక గేమును పూర్తిచేసి బయటపెడుతున్నారా? పాత విద్యార్థుల గేములను మనం ఆడి చూడవచ్చా? గణితం, ఆల్గరిథమ్స్ ఎన్ని సెమిస్టర్లు ఉన్నాయి? ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తిస్తుందా? ఈ చివరి ప్రశ్నను కౌన్సెలింగ్‌కు ముందే, రాతపూర్వకంగా అడగడం మంచిది.

ఒకే టూల్‌ను నాలుగేళ్లు నేర్పే కోర్సులో ఉండే ప్రమాదం ఎలాంటిదో 2023లో చూశాం. ఆ సెప్టెంబరులో యూనిటీ సంస్థ, తమ ఇంజిన్‌తో చేసిన గేమ్ ఒక స్థాయిని దాటిన తర్వాత ప్రతి ఇన్‌స్టాలేషన్‌కూ రుసుము వసూలు చేస్తామని ప్రకటించింది. తయారీదారుల్లో కోపం కట్టలు తెంచుకుంది. చాలామంది ఉచితంగా దొరికే గోడో అనే ఇంజిన్ వైపు, మరికొందరు అన్‌రియల్ అనే ఇంజిన్ వైపు చూడటం మొదలుపెట్టారు. ఏడాది తర్వాత ఆ రుసుమును సంస్థే రద్దు చేసుకుంది. కంప్యూటర్ సైన్స్ పునాది ఉన్నవారు ఆ సమయంలో ఒక ఇంజిన్ నుంచి మరొకదానికి మారడానికి వెనుకాడలేదు. మెనూలు మాత్రమే నేర్చుకున్నవారికి ఎటూ పాలుపోలేదు.

ఉద్యోగ భద్రత విషయంలో కూడా పిల్లలకు నిజం చెప్పాలి. 2024 జనవరిలో మైక్రోసాఫ్ట్ తన గేమింగ్ విభాగంలో 1,900 మందిని, యూనిటీ సుమారు 1,800 మందిని తొలగిస్తున్నట్టు ప్రకటించాయి. మరుసటి నెలలోనే సోనీ ప్లేస్టేషన్ విభాగం సుమారు 900 ఉద్యోగాలు తగ్గించింది. కరోనా కాలంలో ఇళ్లలో ఉన్న జనం విపరీతంగా ఆడటంతో కంపెనీలు అవసరానికి మించి చేర్చుకున్నాయి, ఆ ఊపు తగ్గాక ఖర్చు కోసుకున్నాయి. విడుదలకు ముందు నెలల్లో రాత్రింబవళ్లు పని చేయించే అలవాటు ఈ రంగానికి పాత జబ్బు, దాన్ని మా వాళ్లు క్రంచ్ అంటారు. మామూలు సాఫ్ట్‌వేర్ కంపెనీ కంటే ఎక్కువ జీతం వస్తుందన్న ఆశతో మాత్రం ఎవరినీ ఇటు పంపవద్దు. గేముల్లో పని దొరకని సంవత్సరంలో బ్యాంకింగ్ సాఫ్ట్‌వేర్‌లోనో, మ్యాపుల్లోనో, సిమ్యులేషన్‌లోనో బతకగలిగే డిగ్రీ చేతిలో ఉండాలని నేను పట్టుబట్టడానికి కారణం ఇదే.

ఆర్టిస్టు కావాలనుకునే విద్యార్థికి మన కళాశాలల్లో జరుగుతున్నది ఇంకా పెద్ద అన్యాయం. రికార్డు పుస్తకం వెనుక పేజీల్లో బొమ్మలు గీసుకునే అమ్మాయిని ఎంపీసీలో కూర్చోబెట్టి, చివరికి ఏదో ఒక సీఎస్‌ఈలో చేర్పిస్తాం. ఆ అమ్మాయికి నాలుగేళ్ల కోడింగ్ కంటే నాలుగేళ్ల డ్రాయింగ్ ఎక్కువ పనికొస్తుంది. హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ బీఎఫ్‌ఏలో అప్లైడ్ ఆర్ట్, పెయింటింగ్, శిల్పకళతోపాటు యానిమేషన్ కూడా ఉంది. దాని ప్రవేశ పరీక్ష వేరు, ఎప్‌సెట్‌తో సంబంధం లేదు. ఐఐటీల్లో బీడిజైన్ కోసం జరిగే యూసీడ్ పరీక్షను ఇంటర్‌లో ఏ గ్రూపు చదివినవారైనా రాయవచ్చు. సంగారెడ్డి జిల్లా కందిలో ఉన్న ఐఐటీ హైదరాబాద్‌లోనూ బీడిజైన్ ఉంది. జాతీయ డిజైన్ సంస్థలైన ఎన్ఐడీల ప్రవేశ పరీక్షకూ గ్రూపుతో పట్టింపు లేదు. డిగ్రీ తర్వాత చదివే ఎండిజైన్‌లో డిజిటల్ గేమ్ డిజైన్ ప్రత్యేక విభాగంగా ఎన్ఐడీ బెంగళూరు ప్రాంగణంలో నడుస్తోంది. యూసీడ్, ఎన్ఐడీ పరీక్షల దరఖాస్తులు ఎప్‌సెట్ కంటే చాలా ముందే, విద్యార్థి రెండో సంవత్సరం మధ్యలో ఉండగానే ముగిసిపోతాయి. ఏప్రిల్, మే నెలల్లో ఇలాంటి విద్యార్థి మీ దగ్గరకు వస్తే ఆ రెండింటికీ అప్పటికే ఆలస్యమైనట్టు. అందుకే దసరా సెలవుల లోపే ఈ పేర్లు నోటీసు బోర్డు మీద ఉండాలి.

ఆర్టిస్టు ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ కంటే ముందు పోర్ట్‌ఫోలియో చూస్తారు. అందులో మనిషి శరీర నిర్మాణం తెలిసి గీశారా, వెలుగునీడలు ఎటు నుంచి పడుతున్నాయో తెలుసా, దూరం పెరిగేకొద్దీ వస్తువు ఎలా చిన్నదవుతుందో పట్టుకున్నారా అన్నవి చూస్తారు. ఇంటర్నెట్‌లో చూసి గీసిన డ్రాగన్లు మాకు కుప్పలుగా వస్తాయి. వరంగల్ కోటలోని నాలుగు కీర్తి తోరణాల్లో ఒకదాన్ని ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం గీసి, రాతి అరుగుదలతో సహా త్రీడీలో కట్టి చూపిన విద్యార్థి వెంటనే కంట పడతాడు. 1213లో పూర్తయి, 2021లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కిన రామప్ప గుడి మదనికల భంగిమలు ఒక యానిమేటర్‌కు ఎంత పాఠమో వేరే చెప్పాలా? చేర్యాల నకాషీ పటాల్లో కథను అరలు అరలుగా నడిపించే తీరు స్టోరీబోర్డు నేర్చుకునేవారికి మన దగ్గరే ఉన్న చదువు. ఇవన్నీ మీ విద్యార్థులకు బస్సు దూరంలో ఉన్నాయి.

మన దేశంలో ఉద్యోగాలు ఎక్కువగా బెంగళూరు, పుణె, హైదరాబాద్, ఢిల్లీ పరిసరాల్లో ఉన్నాయి. 1997లో బెంగళూరులో మొదలైన ధ్రువ ఇంటరాక్టివ్ విదేశీ గేములకు బొమ్మలు, మోడళ్లు చేసిపెట్టే పనితో ఎదిగి, 2019లో రాక్‌స్టార్ అనే విదేశీ గేముల సంస్థలో కలిసిపోయింది. అలాంటి ఆర్ట్ పని ఇప్పటికీ ఈ రంగంలో పెద్ద భాగం. సొంత కథలతో వచ్చినవాటిలో హైదరాబాద్‌కు చెందిన ఒక చిన్న స్టూడియో 2017లో విడుదల చేసిన అసుర, పుణె బృందం 2020లో తెచ్చిన రాజీ చెప్పుకోదగ్గవి. వరంగల్ పక్కనున్న మడికొండ ఐటీ పార్కుకు 2020 నుంచి సాఫ్ట్‌వేర్ కంపెనీలు వచ్చినా, గేమ్ చేయాలంటే ప్రస్తుతానికి మన పిల్లలు రైలెక్కాల్సిందే. ఆడపిల్లల తల్లిదండ్రులు ఇక్కడే ఆగిపోతారు. హాస్టల్, ప్రయాణం, పని వేళల గురించి వారు అడిగేవన్నీ న్యాయమైన ప్రశ్నలే, వాటికి మీరు ఓపికగా జవాబు చెబితే వారిలో సగం మందైనా ఒప్పుకుంటారని నా నమ్మకం.

గేమ్ డిజైనర్ అవుతానన్నవారి విషయం త్వరగా ముగిస్తాను. చదువు అయిన వెంటనే ఆ ఉద్యోగం ఇచ్చే స్టూడియోలు చాలా తక్కువ. ఎక్కువమంది టెస్టింగ్, ప్రోగ్రామింగ్, ఆర్ట్ ద్వారా అందులోకి మారతారు. వారికి డిగ్రీ ఏదైనా ఫరవాలేదు, సాహిత్యం, చరిత్ర, మనస్తత్వ శాస్త్రం, గణాంకాలు అన్నీ పనికొస్తాయి. నిజంగా ఆసక్తి ఉందో లేదో తెలుసుకోవాలంటే పులి-మేక పటం చేతికిచ్చి, పులుల సంఖ్య ఒకటి తగ్గిస్తే ఎవరు గెలుస్తారు, మేకలకు ఒక కొత్త ఎత్తు ఇస్తే ఆట ఎంతసేపు సాగుతుంది, ఆడి రాసుకుని రమ్మనండి. రెండు పేజీలు రాసుకొచ్చినవారితో మాట్లాడండి. నాకు ఐడియాలు చాలా ఉన్నాయి అని మాత్రమే చెప్పేవారిని, ఆ పని చేసుకుని రమ్మని వెనక్కి పంపించండి.

తల్లిదండ్రుల మనసులో ఉన్న ఒక భయాన్ని మీరే తీర్చాలి. గేమింగ్ అనగానే చాలామందికి ఆన్‌లైన్ రమ్మీ, అప్పులు, పేపర్లో వచ్చే ఆత్మహత్యల వార్తలు గుర్తుకొస్తాయి. ఆ భయం ఊరికే పుట్టింది కాదు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లోనే చట్ట సవరణతో నిషేధించింది. కేంద్ర ప్రభుత్వం 2025 ఆగస్టులో తెచ్చిన చట్టం దేశమంతటా డబ్బు పణంగా పెట్టే ఆన్‌లైన్ ఆటలను నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌ను, డబ్బు పందెం లేని ఆటలను వేరుగా గుర్తించింది. నేను ఈ లేఖలో చెబుతున్నది ఈ రెండో రకం గేముల తయారీ గురించి. ఉద్యోగ ప్రకటనలో గేమింగ్ కంపెనీ అని ఉన్నప్పుడు ఆ సంస్థ ఏ గేములు చేస్తుందో చూసుకోవడం కూడా విద్యార్థికి నేర్పాలి. అలాగే ఫోన్‌లో గంటల తరబడి ఆడటం ఈ ఉద్యోగానికి అర్హత కాదు. ఆడినవారందరిలో, ఇది ఇలా ఎందుకు చేశారు అని ఆగి ఆలోచించినవారే తయారీ వైపు నిలుస్తారు.

ఇప్పుడు నేను కోరేది. ఎప్‌సెట్ ముగిసిన రోజు నుంచి వెబ్ ఆప్షన్లు పెట్టే రోజు వరకు విద్యార్థి చేతిలో వారాల కొద్దీ ఖాళీ ఉంటుంది. ఆ వారాల్లో మీ కళాశాల కంప్యూటర్ ల్యాబ్‌ను, అది లేనిచోట పక్కనున్న డిగ్రీ కళాశాల ల్యాబ్‌ను, ఆసక్తి ఉన్నవారికి రోజూ రెండు మూడు గంటలు తెరిచి ఉంచండి. గోడో ఇంజిన్, త్రీడీ బొమ్మలు చేసే బ్లెండర్ రెండూ ఉచితం. గోడో ఇంజిన్ చాలా చిన్నది, టూడీ గేములకు పాత కంప్యూటర్లు కూడా సరిపోతాయి. మాస్టారు అవసరం లేదు, తలుపు తాళం తీసేవారు ఉంటే చాలు. ప్రతి విద్యార్థి ఒక చిన్న గేమ్, అంటే బంతి గోడకు తగిలి వెనక్కి వచ్చేంత చిన్నదే అయినా సరే, మొదలు నుంచి చివరి వరకు పూర్తిచేయాలి. కోడ్ రాస్తూ రాత్రి అయిందని మరిచిపోయినవారు సీఎస్‌ఈ పెట్టుకోవచ్చు. కోడ్ పక్కన పడేసి పాత్ర బొమ్మ మీదే కూర్చున్నవారికి ఎటు వెళ్లాలో తెలిసిపోతుంది. రెండూ విసుగనిపించినవారికి కూడా లాభమే, నాలుగేళ్లు, లక్షల రూపాయలు మిగులుతాయి. తెలుగు మాధ్యమంలో చదివినవారిని దయచేసి ఈ గదిలోకి రానివ్వండి. ఇంగ్లిష్ డాక్యుమెంటేషన్ మొదట ఇబ్బంది పెడుతుంది, నిజమే. కానీ సదిశలు, మాత్రికలు తెలుగులో అర్థమైనవాడికి ఆ లెక్క ఏ భాషలోనైనా ఒకటే.

ఆ చిన్న గేమ్‌ను ఇచ్.ఐఓ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా పెట్టవచ్చు. 48 గంటల్లో గేమ్ పూర్తిచేయాల్సిన పోటీలు ఇంటర్నెట్‌లో ఏడాది పొడవునా జరుగుతాయి. 2002 నుంచి నడుస్తున్న లూడమ్ డేర్, 2009లో మొదలై ఏటా జనవరి ప్రాంతంలో జరిగే గ్లోబల్ గేమ్ జామ్ వాటిలో పేరున్నవి. ఇంటర్వ్యూకు వచ్చిన కుర్రవాడు ఒక మహా యుద్ధ గేమును పదిహేను శాతం చేసి చూపిస్తే నాకు అతని గురించి పెద్దగా తెలిసేదేమీ ఉండదు. అయిదు నిమిషాల్లో ముగిసే గేమును పూర్తిచేసి, ఇందులో నా భాగం ఇది, ఇక్కడ ఇలా చిక్కుపడ్డాను, ఇలా విప్పాను అని చెబితే మాట్లాడటానికి గంట చాలదు.

వచ్చే విద్యా సంవత్సరం అర్ధ సంవత్సర పరీక్షలయ్యాక ఏదో ఒక ఆదివారం హనుమకొండలో గానీ, కరీంనగర్‌లో గానీ మీ కళాశాలల కెరీర్ గైడెన్స్ బాధ్యులంతా ఒకచోట కూర్చుంటే, మా రంగంలో వేర్వేరు పనులు చేసే నలుగురైదుగురిని, వారిలో కనీసం ఇద్దరు ఆర్టిస్టులను, వెంటబెట్టుకుని రావడానికి నేను సిద్ధంగా ఉన్నాను. ప్రసంగాలు వద్దు. మీ దగ్గరకు వచ్చే విద్యార్థులు అడిగే ప్రశ్నలను మీరు ముందే కాగితం మీద రాసి తెస్తే, వాటికి జవాబులు చెబుతాం, తెలియనివి వెంటనే తెలియవని చెబుతాం. ప్రయాణ ఖర్చులు మావే.

భవదీయుడు,
హనుమకొండకు చెందిన ఒక గేమ్ ప్రోగ్రామర్